ఫైలులోని ఒక వాక్యం కొట్టివేయుట గురించి

ఇంటి డయాలసిస్ విభాగపు అధికారి గారి సముఖమునకు,

కచేరీ మెట్ల పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసి బతికేవాడు, ప్రస్తుతం తమ విభాగపు రోగి, మూడో అంతస్తులో కాపురం ఉంటున్నవాడు దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇంట్లో చేసుకుంటున్న డయాలసిస్‌ను రద్దుచేసి నన్ను తిరిగి కేంద్రానికి రమ్మన్న తమ ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి, అందుకు కారణమైన ఒక వాక్యాన్ని నా ఫైలులోంచి కొట్టివేయుట గురించి, వీలైతే పెట్టెల గురించి కూడా.

పై విషయమై తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను వృత్తిరీత్యా అర్జీలు వ్రాయువాడను. తమ కార్యాలయానికి చేరే అర్జీల్లో చాలావరకు నా చేతివే అయి ఉంటాయి. మొదటి పేరాలోనే ‘కడు దయనీయ స్థితిలో’ అని కనబడితే అది నాదే అనుకోవచ్చు. వీధి దీపం వెలగనివాడికీ, పింఛను ఆగినవాడికీ, పక్కింటి తూము తన గోడలోకి కారుతున్నవాడికీ ఆ దయనీయ స్థితిని నేనే అమర్చి ఇచ్చాను. ఇప్పుడు సొంతానికి రాసుకోవాల్సి వచ్చేసరికి కలం సాగడం లేదు. ఊరందరికీ క్షవరం చేసే చేతికి సొంత తల అందదు. అందువల్ల ఈ అర్జీలో వరస తప్పినా, భాష తప్పినా మన్నించగలరు.

2. నా మూత్రపిండాలు రెండూ మూడేళ్ళ కిందట ఉద్యోగ విరమణ చేసినవి. మొదట కేంద్రంలో వారానికి మూడు రోజులు కుర్చీలో పడుకోబెట్టి, చేతికి సూదులు గుచ్చి, రక్తాన్ని యంత్రంలోకి పంపి కడిగేవారు. ఆ పనిలో లోపమేమీ లేదు. కాని ఇంటికొచ్చాక మిగతా రోజంతా పిండి ఆరేసిన గుడ్డలా ఉండేవాణ్ణి. కడిగిన రోజు లేవలేను, మర్నాడు లేచి బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ కడిగే రోజు వచ్చేసేది. అది చూసి తమ విభాగం వారే నా పొట్టలో ఒక గొట్టం అమర్చి, ఇంట్లోనే చేసుకొమ్మని నాకూ నా భార్యకూ శిక్షణ ఇచ్చి పంపించినారు.

పని తమకు తెలిసినదే అయినా అర్జీలో సంగతులు పూర్తిగా ఉండాలి కనుక రాస్తున్నాను. మేకుకు మందునీటి బ్యాగు తగిలించి, అందులోని రెండు లీటర్లు గొట్టం గుండా పొట్టలోకి దింపుకోవాలి. కొన్ని గంటలు మోయాలి. ఒంట్లోని చెత్తను ఆ నీరు లాక్కున్నాక, దాన్ని కింద బేసినులో పెట్టిన ఖాళీ బ్యాగులోకి వదిలి, మళ్ళీ కొత్తది ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. పొద్దుటిది నేనొక్కణ్ణే చేసుకుంటాను, ఎందుకంటే నా భార్య బేకరీలో పని చేస్తుంది, తెల్లవారక ముందే వెళ్ళిపోతుంది. మిగతా మూడింటికీ తనే ఉంటుంది. తలుపు మూసి, ఫ్యాను ఆపి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని అరగంట పైగా కూర్చుంటాము.

ఆ అరగంటలో నేను గొట్టానికి కట్టేసిన మనిషిని. పెళ్ళైన కొత్తలోంచీ నేను భార్య మాట సగం విని చెప్పులేసుకునే రకం. మొదటిరోజు బ్యాగు తగిలించి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, “ఇప్పుడు ఎక్కడికి పోతారో చూస్తాను” అంది. అప్పటినుంచి బ్యాగు ఎక్కినంతసేపూ మాట్లాడుతుంది. కనుబొమల మీద పిండి కూడా తుడుచుకోకుండా బేకరీ సంగతులన్నీ చెబుతుంది. నేను వింటాను. ఈ ముక్క వైద్యపరముగా ముఖ్యమైనదో కాదో నాకు తెలియదు. కింద దీని అవసరం ఉంది కనుక రాసితిని.

3. ఇక తప్పు ఎక్కడ జరిగినదో విన్నవించుకుంటాను.

ఆరునెలలకోసారి తమ విభాగం సిస్టరు మా ఇంటికి వచ్చి, బరువూ బీపీ చూసి, ‘గృహ డయాలసిస్ పట్ల రోగి అభిప్రాయము’ అని ఒక కాగితం ఇచ్చి నింపమంటుంది. మంచి పిల్ల. మూడంతస్తులూ ఎక్కి వచ్చి, రొప్పు తగ్గకముందే, “దాచుకోకుండా రాయండి బాబాయిగారూ” అంటుంది. క్రితంసారి ఆ కాగితం చేతికి రాగానే నాలోని అర్జీలవాడు నిద్ర లేచాడు.

మా వృత్తిలో మొదటి పాఠం ఏమిటంటే, బాగున్నానని రాస్తే ఫైలు కదలదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆఫీసులో అయితే అడిగినా చాలదు, ఏడుస్తూ అడగాలి. నాకు కావలసింది చాలా చిన్నది. నెలనెలా తమ వ్యాను బ్యాగుల పెట్టెలు తెచ్చి మెట్ల కింద దింపి పోతుంది. పైకి తెమ్మంటే డ్రైవరు, తనకు చిరునామా వరకే ఉత్తర్వు ఉందనీ, అంతస్తులు అందులో లేవనీ అంటాడు. పొట్టలో గొట్టం ఉన్నవాణ్ణి, నేను బరువు ఎత్తకూడదు. బేకరీ నుంచి అలిసి వచ్చిన మనిషి ఆ పెట్టెలన్నీ ఒక్కొక్కటే మూడంతస్తులు మోసుకొస్తుంది. మధ్యలో రెండో అంతస్తు గట్టు మీద కూర్చుంటుంది. పైనుంచి నాకు ఆ ఊపిరి వినబడుతుంది. ఎలాగైనా ఆ పెట్టెలు పైకి మోయించాలని, నాకున్న విద్యంతా ఆ కాగితంలో పెట్టాను. తమ ఫైలులో ఉన్నదే అయినా మరల ఉటంకిస్తున్నాను:

‘ఈ గృహము గృహము కాదు, వైద్యశాల అయినది. మంచము కింద పెట్టెలు, కుర్చీ మీద పెట్టెలు, మా తలల దగ్గర పెట్టెలు. రెండు లీటర్ల నీటిని మోయుచు నేను కడు దయనీయ స్థితిలో ఉన్నాను. దీనిపై నాకు విసుగు కలిగినది. నా భార్యకు నేను భారమైతిని. ఆమె నడుము వంగిపోయినది.’

రాశాక రెండుసార్లు చదువుకున్నాను. ‘భారమైతిని’ అన్నది మూడోసారి కూడా చదువుకున్నాను. ఇంత చక్కని వాక్యం ఈమధ్య పడలేదు అనుకున్నాను. సిస్టరు నిలబడే చదివి, “నిజంగానా బాబాయిగారూ?” అని అడిగింది. “నువ్వు ఆఫీసులో ఇయ్యమ్మా, పని జరుగుతుంది” అన్నాను.

పని జరిగింది. గృహ డయాలసిస్ మీద సదభిప్రాయము గల రోగుల ఆరోగ్యమూ మనఃస్థితీ మెరుగుగా ఉన్నట్లు విభాగ పరిశీలనలో తేలినదనీ, కావున అభిప్రాయము ప్రతికూలముగా ఉన్నవారిని కేంద్రానికి మార్చుట ఉభయులకూ శ్రేయస్కరమనీ, వచ్చే సోమవారం ఉదయం వ్యాను వచ్చి సరంజామా అంతా తీసుకుపోతుందనీ తమ ఉత్తర్వు వచ్చింది. పెట్టెలు పైకి మోయించమని అడిగిన పాపానికి అన్నిటినీ కిందికి మోయిస్తామన్నారు. అందరికీ దారి చూపే నా కలం నన్నే గోతిలో పడేసింది.

4. ఉత్తర్వు మా ఇంట్లో ఎలా చదవబడినదో తమకు తెలియజేయుట నా విధి.

పొట్టలోంచి వచ్చిన నీరు తేటగా ఉందో మబ్బుగా ఉందో రోజూ చూసుకోవాలి. మబ్బుగా ఉంటే లోపల చీము పట్టినట్టు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. శిక్షణలో చెప్పిన ఉపాయం ఏమిటంటే, నిండిన బ్యాగును ఏదైనా అచ్చు కాగితం మీద పెట్టాలి. నీటిలోంచి అక్షరాలు చదవగలిగితే తేటగా ఉన్నట్టు. మా ఇంట్లో ఆ పని ఆవిడది. పాత పేపరు పరిచి, బ్యాగు దాని మీద పెట్టి, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, కనబడ్డ వాక్యం పైకి చదువుతుంది. అద్దెకు గదులనీ, తప్పిపోయిన కుక్క అనీ ఏది పడితే అది. చదివేసి, “తేటగానే ఉంది” అని లేచి పారబోస్తుంది. మాకది మామూలైపోయింది.

ఆరోజు పోస్టులో వచ్చిన కాగితం బల్ల మీద ఉంది. నేను ఇంకా చూడలేదు. ఆఫీసు కాగితం, అచ్చు బాగుంటుందని దాన్నే పరిచి బ్యాగు పెట్టింది. ఎప్పటిలాగే పైకి చదివింది. “సంరక్షకురాలైన భార్యకు తాను భారమైనట్లు రోగి స్వయముగా తెలిపియున్నందున.” అక్కడ ఆగింది. బ్యాగు కాస్త జరిపి మిగతాది లోపల చదువుకుంది. తరవాత కళ్ళద్దాలు తీసి, “నీరు తేటగానే ఉంది” అంది. పారబోసి వచ్చి చేతులు కడుక్కుంది.

నేను పెట్టెల సంగతి చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

“నేను ఎప్పుడైనా అన్నానా?”

లేదన్నాను. అనలేదు కాబట్టే కదా నేను రాయాల్సి వచ్చింది అని కూడా అన్నాను. అది మరీ తప్పైపోయింది.

5. ఆనాటినుంచి మా ఆవిడ బ్యాగు వేళ మాట్లాడటం లేదు. (ఇంతవరకు ‘నా భార్య’ అని రాసుకుంటూ వచ్చితిని. ఇక్కడినుంచి కుదరడం లేదు, క్షమించగలరు.)

పనిలో వంక పెట్టడానికి లేదు. తలుపు మూస్తుంది, ఫ్యాను ఆపుతుంది, చేతులు ఎంతసేపు కడగమన్నారో అంతసేపూ కడుగుతుంది. బ్యాగు తగిలిస్తుంది, బిరడా విప్పుతుంది, స్టూలు మీద కూర్చుంటుంది. తమ శిక్షణ పుస్తకంలో బొమ్మ వేసినట్టు చేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనిషి మాట్లాడకపోతే ఆ ముఖంలో చూడటానికి ఇంకేమీ మిగలదు. నేను బ్యాగు వంక చూస్తూ కూర్చుంటాను. రెండు లీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

కోపమైతే పోట్లాడేది. మా ఆవిడ పోట్లాటలకు వెనుదీసే మనిషి కాదు. నేను రాసిన మాట నిజమేనేమో, నా మనసులో ఇన్నాళ్ళూ అదే ఉందేమో అని ఆవిడకు తగిలింది. తన చేతి పని మీద నాకు విసుగు పుట్టి, కేంద్రానికి పోవాలని నేనే చాటుగా అర్జీ పెట్టుకున్నాననుకుంటోంది. రాసింది నేనే కదా, కాదని ఏ ముఖంతో చెప్పను? నా వాక్యాలు నమ్మేలా ఉంటాయని ఊరంతా అంటారు.

6. ఇందులో ఉపవిషయముగా మరొక నష్టము కూడా కలదు. బేకరీ కథ మధ్యలో ఆగినది.

అక్కడ ఓవెను మాస్టరు ఒకాయన ఉన్నాడు, చాలా ఏళ్ళుగా పొయ్యి దగ్గర ఉన్న మనిషి. దుకాణంలో ఒక నల్ల పిల్లి, పిండి బస్తాల మీద పడుకుంటుంది, ఎలుకల్ని చూసుకుంటుంది. కొత్తగా పెత్తనానికి వచ్చిన యజమాని కొడుకు, తినే వస్తువులున్న చోట జంతువేమిటి, తీసేయండన్నాడట. మాస్టరు ఏప్రను విప్పి కొక్కేనికి తగిలించి, పిల్లిని చంకలో పెట్టుకుని, పొయ్యిలో రొట్టెలు పొయ్యిలోనే వదిలేసి వెళ్ళిపోయాడట. ఆరోజు ఊరికి మాడిన రొట్టెలే దిక్కయ్యాయి. ఆ తరవాత మూడు బ్యాగుల పాటు ఏమీ జరగలేదు. నాలుగో బ్యాగుకి, పిల్లి ఒక్కతే తిరిగొచ్చి దుకాణం గుమ్మంలో కూర్చుందని చెప్పింది. మాస్టరు రాలేదు. పిల్లి ఎందుకొచ్చింది, మాస్టరుకు ఏమైంది, ఎవరైనా వెళ్ళి చూశారా అని నేను అడుగుతుండగానే నీరు దిగిపోయింది. మిగతాది రేపు అంది. ఆ రేపే తమ ఉత్తర్వు వచ్చింది.

అయ్యా, ఒక అధికారికి పిల్లి గురించి రాయడం ఉచితం కాదని నాకు తెలుసు. ఇన్నేళ్ళ వృత్తిలో ఎవరి అర్జీలోనూ నేను పిల్లిని రానివ్వలేదు.

7. ఇక తమ పరిశీలనలో తేలిన సంగతి గురించి. ఇందులో తమను తప్పుపట్టే తెలివి నాకు లేదు. సగం నిజమే అని నా అనుభవం కూడా చెబుతోంది. ఇంటికి వచ్చిన మొదటి ఏడు ఒకరోజు నాకు ఈ గొట్టం మీదా, ఈ నీళ్ళ మీదా, ఒంటి మీదా అసహ్యం పుట్టి, ఇక చాలు అన్నట్టు చేతులు సగం సగం కడుక్కుని బ్యాగు మార్చుకున్నాను. తరవాత నీరు మబ్బుగా వచ్చింది, జ్వరం, కడుపునొప్పి, ఆస్పత్రిలో పడక. మనసు విరిగిన రోజున చెయ్యి కూడా సరిగా కడగబడదు. అందుకని అభిప్రాయానికీ ఆరోగ్యానికీ సంబంధం లేదని నేను అనను.

అయితే కేంద్రంలో నా పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఎవరు పలకరించినా “బాగున్నా” అనేవారు. సూది తప్పి చెయ్యి కమిలినా అదే మాట. మేమంతా ఆయన్ని ‘బాగున్నాగారు’ అని పిలిచేవాళ్ళం. ఆయనా నాలాగే ఇంటి డయాలసిస్‌కు మారారు. కాగితంలో ప్రతి గడిలోనూ ‘చాలా బాగున్నది’ అని నింపారు. అందరికీ ఆయన్నే ఆదర్శంగా చూపించేవారు. లోపల జరిగింది ఏమిటంటే, ఇంట్లో వాళ్ళకు శ్రమ ఎందుకని, మధ్యాహ్నం బ్యాగు మానేస్తూ వచ్చారు. తరవాత సాయంత్రంది కూడా. కాళ్ళు వాచి, ఆయాసం వచ్చి, స్ట్రెచరు మీద కేంద్రానికి తిరిగొచ్చారు. నేను చూడటానికి వెళ్ళాను. ఎలా ఉన్నారంటే “బాగున్నా” అన్నారు.

ఆయన బాగుందని రాసి మానేశారు. నేను బాగులేదని రాసి ఒక్కటీ మానలేదు. క్రితంసారి వరకు నా రక్త పరీక్షలు చూసి డాక్టరుగారు భుజం తట్టారు కూడా. గొడుగులు తెరిచిన చోట వాన పడుతోందని, వాన కోసం గొడుగులు తెరిపిస్తే ఎలా, గొడుగు లేనివాణ్ణి ఊళ్ళోంచి పంపేస్తే ఎలా అన్నది నా సందేహం. తమరు పెద్దలు, ఆలోచించగలరు.

ఇంకొక్క సంగతి. మొన్న ఈ మార్పు కాగితాల పనిమీద సిస్టరు మళ్ళీ వచ్చినప్పుడు నా బీపీ ఎప్పుడూ లేనంత పెరిగి ఉంది. అన్నం సయించడం లేదు, బరువు తగ్గాను. సిస్టరు వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా చూసి వచ్చింది. ఉప్పు ఎక్కువ తింటున్నారా అని మా ఆవిణ్ణి అడిగింది. మా ఆవిడ లేదంది. ఉప్పు కాదమ్మా అని నేనూ అన్నాను. మరేమిటని అడిగితే ఏం చెప్పను, ఆవిడ అక్కడే ఉంది. సిస్టరు ‘కారణము తెలియరాలేదు’ అని రాసుకుని వెళ్ళింది. కారణము ఇందుమూలముగా తెలియజేయడమైనది.

8. కావున గృహ డయాలసిస్ పట్ల నా వాస్తవ అభిప్రాయము, ఈసారి అలంకారములు లేకుండా:

విసుగ్గా ఉంది. ఆ మాట కొట్టివేయనక్కరలేదు, అది నిజం. నాలుగుసార్లంటే నాలుగుసార్లు, ఆదివారం లేదు, జ్వరం వచ్చినా లేదు. పొట్ట ముందుకు వచ్చి పాత చొక్కాలు పట్టవు. కూర్చుని రాస్తుంటే లోపల నీళ్ళు కదులుతాయి. ఇంటికెవరైనా వస్తే మంచం మీద దుప్పటి కిందికి లాగి పెట్టెలు కప్పుతాము. ఇది ఎప్పటికైనా అయిపోతుందా అని నేను అడగను, ఎందుకంటే అయిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆవిడకు విసుగు లేదని కూడా రాయను. రాస్తే అదీ అబద్ధమే. ఒకసారి మూతిగుడ్డతోనే స్టూలు మీద నిద్రపోయింది. లేపలేదు, నేనే నెమ్మదిగా గొట్టం బిగించుకున్నాను.

కాని ఇంటి విసుగు వేరు, అక్కడి విసుగు వేరు. అక్కడ నేను కుర్చీలోని కేసును. ఇక్కడ మధ్యాహ్నం నీళ్ళు దిగుతుండగా ఒడిలో అట్ట పెట్టుకుని ఎవరి పింఛను అర్జీయో రాస్తాను. మా ఆవిడ తూము కేసుల్లో తీర్పులు చెబుతుంది. ఈ ఇంట్లో నేను రోగిని కాని గంటలు కొన్ని ఉన్నాయి, వాటికోసం మిగతా గంటల్ని మోస్తున్నాను. నాకు ఇక్కడే బాగుంది. ఈ మాట ఎవరి గురించీ ఎప్పుడూ నేను రాయలేదు కనుక, రాసిన తీరు సరిగా లేకపోవచ్చు.

‘భారమైతిని’ అన్నది మాత్రం అబద్ధం. ఆవిడ ఎన్నడూ అలా చూడలేదు, అనలేదు. పెట్టెల కోసం నేను అల్లింది. వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను. ఆ కుదరడమే నా కొంప తీసింది.

9. తమ నియమావళి ప్రకారం, రోగి తన అభిప్రాయము మార్చుకొనునెడల సంరక్షకుల సంతకము కూడా తప్పనిసరి అని సిస్టరు చెప్పింది. అంటే ఈ అర్జీ మా ఆవిడ చదవాలి. మూడు రోజులుగా రాసి, మడిచి, దిండు కింద పెడుతున్నాను. ఇది తమకు రాస్తున్నానో ఆవిడకు రాస్తున్నానో నాకే తేలడం లేదు. తమకైతే ఇంత పొడుగు అక్కరలేదు.

కావున తమరు దయతలచి:

(అ) సోమవారం వ్యానును ఆపించవలెను;

(ఆ) ‘భార్యకు భారమైతిని’ అను వాక్యమును నా ఫైలులోంచి కొట్టివేయించి, కొట్టివేసినట్లు ఒక కాగితము పంపవలెను. అచ్చు పెద్దదిగా ఉంటే మంచిది, నీటిలోంచి చదవాలి;

(ఇ) వ్యాను వేరే పనిమీద వచ్చేటట్లయితే, పెట్టెలు మూడో అంతస్తు దాకా చేర్పించవలెను.

ఇన్నాళ్ళూ పరుల కోసం చిత్తగించమని తమను వేలసార్లు వేడుకున్నాను. ఈ ఒక్కటీ నాకోసం చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
విధేయత తప్ప వేరే విద్య మిగలని
అర్జీలవాడు

సంరక్షకురాలి సంతకము: (ఖాళీగా ఉంచడమైనది)

తాజా కలం: పై అర్జీ ఆవిడ చేతికి ఇచ్చే ధైర్యం లేక, ఇవాళ సాయంత్రం బ్యాగు వేళ పాత పేపరు తీసేసి, దాని చోట ఈ కాగితాలు పెట్టాను. ఆవిడ చూసింది. నిండిన బ్యాగు దాని మీద పెట్టి, కళ్ళద్దాలు లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ఒక్క వాక్యంతో ఆపలేదు. ఒక్కో కాగితం లాగుతూ, బ్యాగు జరుపుతూ, మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. బాగున్నాగారి దగ్గర ఒకసారి కళ్ళద్దాలు తుడుచుకుంది. అంతా అయ్యాక, “నీరు తేటగానే ఉంది” అని, లేచి పారబోసి, చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“నడుము వంగింది మీది, నాది కాదు” అంది. ఆ తరవాత, “విసుగు అన్నది ఉండనివ్వండి, నాకూ ఉంది” అంది. కలం తీసుకుని సంతకం పెట్టింది. పైన ‘ఖాళీగా ఉంచడమైనది’ అన్న మాట దయచేసి పట్టించుకోవద్దు.

కొత్త బ్యాగు సగం దిగాక తనంతట తానే, “పిల్లి నల్లది కాదు. ఎన్నిసార్లు చెప్పాను, బూడిద రంగు” అంది. తమ రికార్డులో ఆ మేరకు సవరించుకోగలరు. ఓవెను మాస్టరు వచ్చాడట. పిల్లిని తీసుకుపోదామనే వచ్చాడట, గుమ్మంలోనే నిలబడ్డాడట. ఈలోగా యజమాని కొడుకు లోపలినుంచి ఆ ఏప్రను పట్టుకుని బయటికి వచ్చాడట. అక్కడికి బ్యాగు అయిపోయింది. ఏమన్నాడని అడిగాను. మిగతాది సోమవారం సాయంత్రం బ్యాగుకి చెబుతాను, ఈలోపు ఎంత అడిగినా చెప్పనంది.

కాబట్టి అయ్యా, సోమవారం వ్యాను రాకూడదు.